రెండు రాశుల ఫోటో

ఫోటో తీయించుకుందామన్న ఆలోచన నాది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఇప్పుడు మా ఇంట్లో ఎవరిని అడిగినా అది తమకే తట్టిందంటారు. మా ఆయన కిష్టప్ప అయితే మనవలకు ఈ సంగతి చెప్పేటప్పుడు నన్ను మొత్తానికే తీసేస్తాడు. చెప్పుకోనీ. ఆ రోజు పటేలు మా వైపు నడిచి రాగానే ఆయన ఎద్దుల చాటుకు జరిగిన సంగతి ఫోటోలోనే ఉంది, నేను వేరే చెప్పనక్కర్లేదు.

అది పందొమ్మిది వందల యాభై ఒకటి. తెల్లజొన్న కోతకు వచ్చే రోజులు. మర్పల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో ఒక మధ్యాహ్నం డప్పు మోగింది. ఆరేళ్లకు తక్కువ కాకుండా ఒకే భూమిని కౌలుకో పాలుకో చేస్తున్న వాళ్లు పేర్లు రాయించుకోవాలట. పేరు ఎక్కిన వాళ్లను ఆ భూమి నుంచి ఎవరూ వెళ్లగొట్టలేరట. ఉగాది దాటాక తహసీల్దారే స్వయంగా ఊరికి వచ్చి విచారణ చేస్తాడట.

మా మామ శంకరప్పకు సొంతమని చెప్పుకోవడానికి గొర్రెల మంద ఒకటే. దున్నేది మాత్రం ఊరి పటేలుకు చెందిన ఎనిమిదెకరాల నల్లరేగడి. అది పాలుకు చేస్తున్నాం. అంటే విత్తనం, ఎద్దులు, చాకిరీ అన్నీ మావి, పండినదాంట్లో సగం మాది, సగం ఆయనది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి నాలుగేళ్లు. ఆ భూమి మా చేతికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

డప్పు మోగిన మూడో రోజున పటేలు మామను పిలిపించాడు. పట్వారీ రాసే పహాణీలో ఆ ఎనిమిదెకరాలు పటేలు సొంత సేద్యమని ఉందనీ, శంకరప్ప ఆయన దగ్గర జీతానికి ఉన్న మనిషనీ, తహసీల్దారు అడిగితే అదే చెప్పాలనీ అన్నాడు. జీతగాణ్ని ఉంచుకోవడం, మాన్పించడం యజమాని ఇష్టం కదా. తొలకరి వానలు పడే మిరుగానికి ఆ భూమిలో వేరే వాళ్ల నాగలి దిగుతుందన్న మాట కూడా చల్లగా చెప్పి పంపాడు.

మామ ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు. ఊళ్లో సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. చెప్పాలని ఉన్నా పటేలు ఎదుట నోరు పెగిలేవాళ్లు లేరు. మా ఆయన మందను తోలుకొని కర్ణాటక వైపు పోదామన్నాడు. అత్త బీరమ్మ తిరగలి ముందు కూర్చొని జొన్నలు విసరడం మొదలుపెట్టింది. ఆమె కష్టం వస్తే పని ఎక్కువ చేస్తుంది, మాట తక్కువ చేస్తుంది.

"మన దిక్కు ఒక్క కాయితం లేదు బిడ్డా," అన్నాడు మామ. "ఆయన దిక్కు పహాణీ ఉన్నది. మన మాట ఎవలు నమ్ముతరు?"

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్ల నుంచి ఏటా కల్లంలో రెండు రాశులు పోసి పంచుకుంటున్నారు, అది ఊరంతా చూసింది. జీతగాడికి ఎవరైనా రాశిలో సగం ఇస్తారా? కళ్లెదుట కనబడుతున్నదాన్ని కాయితం మీదికి ఎక్కించే మార్గమే లేదా అనుకున్నాను. అప్పుడే నాకు పాండురంగం గుర్తొచ్చాడు.

మా పుట్టిల్లు తాండూరు. మా నాయన బండలు పరిచే పని చేసేవాడు. స్టేషను దగ్గర పాండురంగం ఫోటో దుకాణంలో నేల పరిచింది ఆయనే. పెళ్లికి ముందు నేను ఆయనకు సద్ది తీసుకుపోయి, గోడల మీది ఫోటోలన్నీ చూస్తూ నిలబడేదాన్ని. కుర్చీలో కూర్చున్న షావుకార్లు, పక్కన నిలబడ్డ భార్యలు, అందరూ ఒకటే తీరుగా కళ్లు పెద్దవి చేసి చూస్తుండేవాళ్లు. ఒక మూలకు మాత్రం చేతి వెడల్పు ఫోటో ఒకటి ఉండేది. స్టేషనులో చాయ్ అమ్మే మనిషి ఎవరితోనో మాట్లాడుతూ చాయ్ పోస్తున్నాడు. చాయ్ గ్లాసు దాటి కింద కారిపోతోంది. ఆయనకు ఆ సోయి లేదు. ఆ ఫోటో తీసినట్టు కూడా ఆయనకు తెలియదని అప్పుడే అర్థమైంది నాకు.

అమ్మను చూసొస్తానని చెప్పి మర్పల్లిలో రైలెక్కాను. వికారాబాదులో బండి మారి తాండూరులో దిగి, అమ్మ దగ్గరికి పోకముందే దుకాణానికి పోయాను. పాండురంగం నన్ను గుర్తుపట్టాడు. కుటుంబం ఫోటో కావాలన్నాను. ఎప్పుడు వస్తారన్నాడు. మేం రాము, మీరే రావాలి, మేం పని చేసుకుంటుంటే తీయాలి, ఎవరినీ నిలబడమని, కూర్చోమని చెప్పకూడదు అన్నాను. పటేలు సంగతి కూడా దాచకుండా చెప్పాను. తెలియని మనిషిని తగువులోకి లాగడం నాకు ఇష్టం లేదు.

ఆయన గోడ మీది షావుకార్ల ఫోటోల వైపు తిరిగాడు. భయపడ్డాడనుకున్నాను.

"ఐదేండ్ల సంది దుకాణం నడుపుతున్న చెల్లే," అన్నాడు చివరికి. "నా ముందల కూసున్నోళ్లందరు ఊపిరి బిగవడ్తరు. 'నేను ఉన్నట్టు తియ్యి' అని అడిగినోళ్లు ఒక్కరు లేరు. వస్త."

బదులుగా ఏం కావాలంటే మా ఇంట్లో నేసిన నల్ల గొంగడి ఒకటి చాలన్నాడు. మేం ఏటా పటేలుకు ఇచ్చుకునే గొంగడి కన్నా మంచిది ఇస్తానని మాటిచ్చాను, ఇచ్చాను కూడా.

జొన్న కంకులు కల్లానికి చేరి, ఎద్దులతో తొక్కించడం అయిపోయి, తూర్పార పట్టడం మిగిలి ఉండగా పాండురంగం వచ్చాడు. మా ఆయన బండి కట్టుకొని పోయి మర్పల్లి స్టేషనులో దింపుకొని తెచ్చాడు. మూడు కాళ్ల స్టాండు, పెద్ద పెట్టె కెమెరా, నల్ల గుడ్డ అన్నీ తెచ్చుకున్నాడు. అవి ఎందుకని అడిగితే, స్టాండు లేకుండా వస్తే పల్లెల్లో ఎవరూ ఫోటో తీసేవాడని నమ్మరన్నాడు. అసలు పని చేసేది వేరే ఉందట. మెడలో తోలు సంచీలో వేలాడుతున్న చిన్న కెమెరా. రీలు వేస్తే పన్నెండు ఫోటోలు వస్తాయి. పైనుంచి దాంట్లోకి చూసి నొక్కడమే, కంటికి ఆనించాల్సిన పని కూడా లేదు.

అంతా బాగానే ఉంది. కాని పాండురంగం మర్యాద తెలిసిన మనిషి కావడం వల్ల వచ్చి పడింది చిక్కు. అత్త పొయ్యి ముందు కూర్చొని రొట్టె తడుతోంది. పలకరించకుండా ఉంటే బాగుండదని ఆయన గుమ్మం దగ్గర నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మా, రేపు పొద్దుగాల మిమ్ములనందర్ని కల్లంల దింపుత," అన్నాడు.

అత్త చేతిలో రొట్టె ఆగిపోయింది. మా దిక్కు ఫోటో తీయడాన్ని దింపడమనే అంటారు. నేనూ అంటాను. ఆయన తప్పేమీ లేదు. కాని కల్లం, దింపుడు అనే రెండు మాటలు ఒకే నోట వస్తే వేరే సంగతి. పీనుగను మోసుకుపోయేటప్పుడు సగం దారిలో పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే చోటును దింపుడు కల్లం అంటారు. తెల్లారగానే మా ఇంటిల్లిపాదినీ అక్కడికి చేరుస్తానని ఆయన నవ్వుతూ మాటిచ్చినట్టయింది.

"ఇంటోళ్లనందర్ని దింపుడు కల్లంల వెడ్తడట," అంది అత్త నా వైపు తిరిగి. "గీన్ని తాండూరు దాన్క పోయి పిలుసుకొచ్చినవా?"

పాండురంగం మొహం వాడిపోయింది. కాదమ్మా తస్వీర్ తీస్త, తస్వీర్ తీస్త అని రెండుసార్లు సవరించుకున్నాడు. ఒకసారి నోటి నుంచి వచ్చాక ఇంకేం సవరిస్తాడు? ఆ యంత్రం కల్లంలో అడుగు పెడితే తను అడుగు పెట్టనని అత్త తేల్చి చెప్పేసింది. అత్త రాకపోతే పంపకమే లేదు. రాశిలోంచి మొదటి చాటెడు మా కులదేవుడు బీరప్ప పేరున తీయాల్సింది ఆమె చేతితోనే. ఇరవై ఏళ్లుగా అది ఎవరూ దాటలేదు. చివరికి స్టాండు కెమెరా కల్లం బయట వేపచెట్టు కింద ఉండేటట్టు, దాని మీద నల్ల గుడ్డ కప్పి ఉంచేటట్టు ఒప్పుకుంది.

చిన్న కెమెరా సంగతి ఆమెకు తెలియదు. మెడలో సంచీని చూసి తంబాకు డబ్బా అనుకుంది. నేను కాదనలేదు. నేను చేసింది తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

మర్నాడు గాలి బాగా వీచింది. తూర్పార పట్టడం పొద్దెక్కేసరికి అయిపోయింది. పాండురంగం చొప్ప కట్టల మీద చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా కూర్చొని, ఒళ్లో సంచీ పెట్టుకొని, ఒక్కో ఫోటో తీస్తున్నాడు. టక్కుమని చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎద్దుల గంటల మోతలో అది కూడా నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. మా ఆయన చెమట తుడుచుకుంటూ ఎద్దును బతిమాలుకోవడం, నేను చాట ఎత్తి గాలి కోసం చూడటం, అత్త మొదటి చాటెడు తీసి కళ్లు మూసుకోవడం, అన్నీ వచ్చాయి.

పంచడం మామ పని. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా చేసే పని ఇంకొకటి లేదు. రెండు రాశులు పోసి, దూరం జరిగి, ఒక కన్ను మూసి చూస్తాడు. దీంట్లోంచి దోసెడు తీసి దాంట్లో పోస్తాడు. మళ్లీ దూరం జరుగుతాడు. అంత జాగ్రత్త ఎందుకంటే, పంచేది మేమైతే ఎంచుకునేది పటేలు. రెండింట్లో ఏది కావాలో ముందు ఆయన చెప్పాలి. ఏ కాస్త ఎక్కువతక్కువ ఉన్నా నష్టం మాకే. ఈ ఎంచుకోవడానికి పటేలు ఎప్పుడూ మనిషిని పంపడు, తనే వస్తాడు. అది ఆయనకు పెద్ద గౌరవం. చట్టం వచ్చినా, డప్పు మోగినా ఆ అలవాటు మాత్రం వదులుకోలేదు.

వచ్చాడు. రాశి ఉన్న కల్లంలో ఎవరైనా సరే చెప్పులు విడవాల్సిందే కాబట్టి కిర్రుచెప్పులు అంచున వదిలి ఉత్త కాళ్లతో లోపలికి వచ్చాడు. చొప్ప మీద ఉన్నదెవరన్నాడు. మా తాండూరు మనిషి అన్నాను. ఆయన మళ్లీ ఆ వైపు చూడలేదు. రాశుల చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతికర్ర ఎత్తి ఎడమ రాశిలో గుచ్చాడు. కర్ర గుచ్చితే ఆ రాశి ఆయనదని. మామ కుడి రాశి పక్కన కూర్చొని దాని మీద చెయ్యి పెట్టాడు.

అంతలో పటేలు కళ్లు చిట్లించాడు. పక్కనుంచి చూస్తే కుడిదే పెద్దగా కనబడింది కాబోలు. కర్ర ఊడబెరికి కుడి వైపు నడిచాడు. మామ చెయ్యి తీసేశాడు. ఆయన అంతే, ఎదురు చెప్పడు. మా ఆయన ఎద్దుల చాటుకు జరిగింది అప్పుడే.

అత్త రెండు రాశుల మధ్యకు వచ్చి నిలబడింది.

"కర్ర గుచ్చినంక మార్సుడు లేదు పటేలా. గది మీది. గిది మాది," అంది.

నాకు తెలిసి అత్త అంతకుముందు ఎన్నడూ పటేలుతో ఎదురుగా మాట్లాడలేదు. ఆయన వస్తే కొంగు నెత్తి మీదికి లాక్కొని గోడ పక్కకు పోయేది. ఇప్పుడు ఆ రాశి మీద చెయ్యి చాపి నిలబడింది. పాండురంగం ఒళ్లో టక్కుమంది.

పటేలు నవ్వేశాడు. ముసల్దానికి నోరెక్కువైందని మామతో అని, కర్ర మళ్లీ ఎడమ రాశిలోనే గుచ్చాడు. రెండో టక్కు కూడా అయింది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. చెప్పుల కోసం వేపచెట్టు వైపు పోయిన పటేలుకు నల్ల గుడ్డ కింద మూడు కాళ్లు కనబడ్డాయి. ఏమిటన్నాడు. ఇక దాచి లాభం లేదని, మా వాడు ఫోటోలు తీస్తాడు, ఇంటివాళ్లం ఒకటి తీయించుకుందామనుకున్నాం అన్నాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, ముందు తనది తియ్యమన్నాడు. ఇంటి నుంచి కుర్చీ తెప్పించాడు. కుర్చీ వచ్చేదాకా అందరం ఎండలో నిలబడ్డాం. చెప్పులు తొడుక్కొని, రుమాలు సర్దుకొని, కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకొని చెట్టు కింద కూర్చున్నాడు. మామను, మా ఆయనను వెనక చేతులు కట్టుకొని నిలబడమన్నాడు. మామను తలరుమాలు తీసి భుజాన వేసుకొమ్మన్నాడు. రాశులు కనబడకుండా ఎద్దులను అడ్డం కట్టించాడు. అత్త మాత్రం అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది.

పాండురంగం నల్ల గుడ్డలో దూరి, రెడీ అన్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. బయటికి వచ్చాక గుడ్డ మడత పెడుతూ నా పక్కకు జరిగాడు.

"గీ ఫోటో మీ కొంప ముంచుతది చెల్లే," అన్నాడు నాకు మాత్రమే వినబడేటట్టు.

నాకూ తెలుస్తూనే ఉంది. యజమాని, వెనక ఇద్దరు జీతగాళ్లు, ఆయన ఎద్దులు. చూసినవాళ్లెవరైనా అంతే అనుకుంటారు. అందరినీ ఎండలో నిలబెట్టి నేనే అది తీయించినట్టయింది. నాకు ధైర్యం పోయింది ఆ కాలమంతటిలో అప్పుడొక్కసారే. ఆ రోజు అన్నం తినలేదు.

పక్షం రోజులకు మా ఆయన తాండూరు పోయి ఫోటోలు తెచ్చాడు. పన్నెండింట్లో పదకొండు బాగా వచ్చాయి, ఒకటి మసకబారింది. పటేలుది వేరే, అద్దం కట్టించి ఆయన ఇంటికే పంపమని ముందే చెప్పాడట. మా ఇంట్లో ఫోటో అనేది ఉండటం అదే మొదలు. అందరం వాకిట్లో వెలుతురుకు చేరి ఒకరి చేతుల్లోంచి ఒకరం లాక్కొని చూసుకున్నాం. ఎద్దును బతిమాలే తన ముఖం చూసుకొని మా ఆయన మురిసిపోయాడు. మామ ఒక కన్ను మూసిన తన ఫోటోను ఒక కన్ను మూసే చూశాడు.

అసలుది నేను చివర తీశాను. రెండు రాశులూ కుదురుగా కనబడుతున్నాయి. చెప్పుల్లేని పటేలు చేతిలో కర్ర. నేల మీద కూర్చున్న మామ. మధ్యలో చెయ్యి చాచి, గడ్డం ఎత్తి, నోరు తెరిచి ఉన్న ఒక ఆడమనిషి.

అత్త దాన్ని చేతిలోకి తీసుకొని ఎవరీమె అంది. ముక్కుపుడక చూసి గుర్తుపట్టింది.

"నాకు చెప్పకుంట దింపినవా," అంది నాతో. అంతే.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. రొట్టె నా ముందుకు జరిపేది, నీళ్ల బిందె నా చేతికి అందించేది, మాట మాత్రం లేదు. నేనూ బతిమాలలేదు. నాకు ఆ విద్య రాదు. కాని ఆమెను మోసం చేశానన్న బాధ లోపల ఉంటూనే ఉంది. విచారణ రోజు దగ్గర పడుతోంది. ఆమె ఆ ఫోటోను పొయ్యిలో వేసినా నాకు అడిగే ముఖం లేదు.

ఐదో రోజు నేను మంద దగ్గర్నుంచి వచ్చేసరికి అత్త గడపలో కూర్చొని ఉంది. ఫోటోను వెలుతురుకు పట్టుకొని చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో, పక్కన చాటలోని జొన్నలు చెరగకుండా అట్లాగే ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను.

"నేను పటేలుతోని గిట్లనా మాట్లాడింది?" అంది.

"అవ్ అత్తా."

"తల వంచుకొనే మాట్లాడిన అనుకుంటున్న గిన్ని దినాల సంది," అంది.

ఇంకొంతసేపు చూసి, లేచి, దాన్ని బీరప్ప గూట్లో పెట్టి, జొన్నలు చెరగడం మొదలుపెట్టింది. సాయంత్రం నన్ను పేరు పెట్టి పిలిచి కూరలో ఉప్పు చాలిందా అని అడిగింది.

ఉగాది అయిన వారానికి తహసీల్దారు వచ్చాడు. చావడిలో బల్ల వేశారు. ఆయన మరాఠ్వాడా వైపు మనిషి. తెలుగు అర్థమవుతుంది కాని మాట్లాడితే సగం ఉర్దూ. పక్కన గుమాస్తా కూర్చొని రాసుకుంటున్నాడు. ఊరంతా బయట చేరింది. మమ్మల్ని పిలిచినప్పుడు మామ, మా ఆయన లోపలికి పోయారు. అత్త, నేను తలుపు దగ్గర నిలబడ్డాం. ఫోటో అత్త కొంగులో ఉంది. నేను తీసుకుపోతానంటే ఇవ్వలేదు. కొత్త ఇర్కల్ చీర కట్టుకొని వచ్చింది.

పట్వారీ పహాణీ తెరిచి చదివాడు. సొంత సేద్యం. పటేలు చప్పట్లు కొడితే ఆయన మనిషి అద్దం కట్టిన ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను యజమాని, వెనక ఉన్నది నా జీతగాళ్లు, మీరే చూడండి అన్నాడు పటేలు. తహసీల్దారు దాన్ని దగ్గరికి తీసుకొని చాలాసేపు చూశాడు. ఫోటో అబద్ధం చెప్పదు కదా అని, దాన్ని సాక్ష్యంగా రాసుకొమ్మని గుమాస్తాకు చెప్పాడు. మామను అడిగితే ఆయన నోరు పెగల్లేదు.

అత్త నన్ను పక్కకు జరిపి లోపలికి నడిచింది. కొంగు విప్పి మా ఫోటో తీసి, పటేలు ఫోటో పక్కనే పెట్టింది.

ఇట్లా జరుగుతుందని నేను ముందే ఊహించానని చెబితే అబద్ధం. పటేలే ఫోటోను సాక్ష్యమని ఒప్పించి పెట్టాడు కాబట్టి మాది కాదనడానికి ఎవరికీ దారి లేకుండా పోయింది. తహసీల్దారు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఈ రెండు రాశులేమిటన్నాడు. ఒకటి విత్తనాలకు పక్కన పెట్టినదని పట్వారీ వెంటనే అందుకున్నాడు. తహసీల్దారు ఆయనను ఆగమని, అత్త వైపు తిరిగాడు. ఫోటోలో మాట వినబడదు కదా, ఇందులో నువ్వు ఏమంటున్నావో చెప్పమ్మా అన్నాడు.

పటేలు అత్తనే చూస్తున్నాడు. ఆమె కొంగు సర్దుకుంది. ఆ ఒక్క క్షణం మళ్లీ గోడ పక్కకు జరుగుతుందేమోనని భయపడ్డాను.

"పటేలు గీ రాశిల కర్ర గుచ్చిండు సాబ్," అంది ఫోటో మీద వేలు పెట్టి. "మల్ల బుద్ధి మారి మా దాని మీదికి వచ్చిండు. కర్ర గుచ్చినంక మార్సుడు లేదు, గది మీది, గిది మాది అన్న."

పటేలు లేచి నిలబడ్డాడు. ముఖమంతా ఎర్రబడింది. ఊరి మొత్తం ముందు తనను మాట తప్పిన మనిషిని చేసేసిందన్న కోపం తప్ప ఆయనకు ఇంకేమీ కనబడినట్టు లేదు.

"నేను మార్వలే," అన్నాడు. "ఎంచుకున్న రాశినే ఎత్తుకపోయిన. గీళ్లు పంచుతరు, నేను ముందుగాల ఎంచుకుంట. ఏ ఒక్క ఏడు మార్చింది లేదు. ఊర్ల ఎవల్నన్న అడుగుర్రి."

తహసీల్దారు నెమ్మదిగా, ఎన్నేళ్ల నుంచి ఇట్లా అని అడిగాడు.

"ఇరవై ఏండ్లు దాటింది. మా నాయిన ఉన్నప్పటి సంది," అన్నాడు పటేలు తల ఎత్తి.

పట్వారీ ఆయన చెయ్యి పట్టి లాగాడు. పటేలు విదిలించుకున్నాడు. గుమాస్తా కలం ఆ ఇరవై ఏళ్ల పంపకాన్ని ఆగకుండా రాసుకుపోతోంది. తహసీల్దారు మామ వైపు తిరిగి, దీనికి నువ్వేమంటావన్నాడు. అప్పటిదాకా పెదవి విప్పని మా మామ రెండు చేతులూ జోడించాడు.

"అవ్ సాబ్," అన్నాడు. "పటేలు ఒక్క ముచ్చట గూడ అబద్ధం చెప్తలేడు."